పట్టాలకు జ్ఞాపకం ఉంటే

ఒక చిక్కు ఎంత కష్టమైనదో దాని నియమాలను లెక్కపెట్టి అంచనా వెయ్యడం మనకు అలవాటు. నియమాలు నాలుగే ఉంటే పిల్లల ఆట అంటాం, నలభై ఉంటే పండితుల వ్యవహారం అంటాం. ఈ అంచనా ఎక్కడ తప్పుతుందో చూడాలంటే మొబైల్ ఫోన్లో ఆడే ఒక రైలు ఆటను జాగ్రత్తగా గమనిస్తే చాలు. కెనడాకు చెందిన మాట్ రిక్స్ అనే ప్రోగ్రామర్ ఒంటరిగా తయారుచేసి, 2010లో ఐఫోన్ కోసం విడుదల చేసిన ఆ ఆట పేరు ట్రైన్‌యార్డ్. తెర మీద ఏడు అడ్డవరుసలు, ఏడు నిలువు వరుసలు, మొత్తం 49 గడులు ఉంటాయి. కొన్ని గడులు రంగురంగుల రైళ్లు బయలుదేరే స్టేషన్లు, కొన్ని అవి చేరవలసిన స్టేషన్లు. మధ్యలో ఉన్న ఖాళీ గడుల్లో వేలితో గీస్తూ పట్టాలు వెయ్యడమే ఆడేవాళ్ల పని. మీట నొక్కగానే రైళ్లన్నీ ఒకే వేగంతో కదులుతాయి. ఎరుపు, పసుపు రైళ్లు కలిస్తే నారింజ రంగు వస్తుంది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. ఎరుపు, నీలం కలిస్తే ఊదా. ప్రతి రైలూ సరైన రంగుతో సరైన స్టేషన్ చేరితే గెలిచినట్టు. ఒక్క రైలు దారి తప్పినా, తప్పు రంగుతో చేరినా ఓడినట్టే.

ఇంతవరకూ చెప్పిన నియమాలు ఎనిమిదేళ్ల పిల్లలకు కూడా ఒక్కసారి వింటే అర్థమవుతాయి. ఇంకొక్క నియమం మిగిలి ఉంది. ఒకే గడిలో రెండు పట్టాలను ఒకవైపు కలిసేలా, మరోవైపు చీలిపోయేలా వెయ్యవచ్చు. రైల్వేలో దాన్ని పాయింటు అంటారు. ఈ ఆటలో పాయింటుకు ఒక గుణం ఉంది: రైలు దాటిన ప్రతిసారీ అది తనంతట తానే రెండో వైపుకు మారిపోతుంది. మొదటి రైలు ఎడమకు పోతే రెండోది కుడికి, మూడోది మళ్లీ ఎడమకు పోతుంది. అంటే ఆ చిన్న గడికి జ్ఞాపకం ఉంది. ఇంతకుముందు దాటిన రైళ్ల సంఖ్య సరో బేసో దానికి గుర్తుంటుంది. ఈ అధ్యాయం వాదన ఇదే: గతాన్ని గుర్తుంచుకునే వస్తువు చేరిన క్షణాన పట్టాల బొమ్మ యంత్రంగా మారుతుంది. అలాంటి వస్తువులు కొన్ని పదులు చేరితే, ఆ యంత్రం చివరికి ఏం చేస్తుందో ముందుగా చెప్పడం మనుషులకే కాదు, కంప్యూటర్లకు కూడా తలకు మించిన పని అవుతుంది.

ముందుగా పాయింట్లు లేని పట్టాలను చూద్దాం. ఒక రైలు ఏ క్షణంలోనైనా 49 గడుల్లో ఏదో ఒక దానిలో, నాలుగు దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకు తిరిగి ఉంటుంది. అంటే దాని పరిస్థితులన్నీ కలిపి 49 ఇంటు 4, అంటే 196కు మించవు. అదే గడిలోకి అదే దిక్కుగా రెండోసారి వచ్చిందంటే అది ఇక ఎప్పటికీ అదే చుట్టు తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే ఆ పట్టాల్లో మారేదేమీ లేదు. కాబట్టి 196 అడుగులు పూర్తయ్యేలోగా ఆ రైలు కథ తేలిపోతుంది: చేరితే చేరుతుంది, లేకపోతే ఎప్పటికీ చేరదు. ఇప్పుడు ఒక్క పాయింటు పెట్టండి. రైలు ఎక్కడుందో తెలిస్తే సరిపోదు, పాయింటు ఎటు తిరిగి ఉందో కూడా తెలియాలి. పరిస్థితుల సంఖ్య రెట్టింపయింది. రెండో పాయింటు పెడితే నాలుగు రెట్లు, మూడోది పెడితే ఎనిమిది రెట్లు. ఒక్కొక్క పాయింటు చేరినప్పుడల్లా అంతకుముందున్న సంఖ్య రెట్టింపవుతూ పోతుంది.

ఈ రెట్టింపు కాగితం మీది లెక్క మాత్రమేనా, పట్టాల మీద నిజంగా కనిపిస్తుందా? కనిపిస్తుంది. ఒక ఇంజను పాయింటు దగ్గరకు వచ్చిందనుకోండి. ఎడమ పట్టాను వంచి మళ్లీ మొదటికే తీసుకొచ్చి కలపండి. కుడి పట్టాను ముందుకు పొడిగించండి. మొదటిసారి ఇంజను ఎడమకు పోయి తిరిగి వస్తుంది, రెండోసారి ముందుకు పోతుంది. ముందు ఇలాంటిదే ఇంకో పాయింటు పెట్టి, దాని ఎడమ పట్టాను కూడా మొట్టమొదటికే కలపండి. ఆ రెండింటినీ దాటడానికి ఇంజను నాలుగుసార్లు బయలుదేరాలి. మూడు పాయింట్లయితే ఎనిమిదిసార్లు. ఒక్కో ప్రయత్నానికి ఒక్క సెకను పడుతుందనుకున్నా, 10 పాయింట్లు దాటడానికి 1,024 సెకన్లు, అంటే 17 నిమిషాలు. 20 పాయింట్లయితే 12 రోజులు. 30 అయితే 34 ఏళ్లు. 40 పాయింట్లు దాటడానికి దాదాపు 35 వేల ఏళ్లు పడుతుంది. ఆ పాయింట్ల వరుసను జాగ్రత్తగా చూస్తే అది ద్విసంఖ్యామానంలో అంకెలు లెక్కపెడుతున్నట్టు తెలుస్తుంది. ఎడమ అంటే సున్నా, కుడి అంటే ఒకటి. ఫోన్ లోపల చిప్ చేసే లెక్కను తెర మీది పట్టాలూ చేస్తున్నాయి.

పట్టాలతో లెక్కలు చెయ్యవచ్చన్న ఆలోచన ఫోన్ల కాలానికి ముందే వచ్చింది. ఆడమ్ చాల్‌క్రాఫ్ట్, మైకేల్ గ్రీన్ అనే ఇద్దరు 1994లో కేంబ్రిడ్జి విద్యార్థుల గణిత పత్రిక యురేకాలో బొమ్మ రైళ్ల గురించి ఒక వ్యాసం రాశారు. వాళ్లు మూడు రకాల పాయింట్లను తీసుకున్నారు: ఎప్పుడూ ఒకే వైపుకు పంపేది, చివరి బండి ఎటునుంచి వచ్చిందో అటే ఉండిపోయేది, దాటిన ప్రతిసారీ మారిపోయేది. పట్టాలను ఎంత దూరమైనా పొడిగించుకునే వీలుంటే, ఒకే ఒక్క ఇంజనుతో ట్యూరింగ్ యంత్రం చేసే ఏ లెక్కనైనా చేయించవచ్చని వాళ్లు చూపించారు. ట్యూరింగ్ యంత్రం అంటే 1936లో అలన్ ట్యూరింగ్ ఊహించిన నమూనా కంప్యూటరు. ఈనాటి కంప్యూటర్లన్నీ చెయ్యగల లెక్కలు దాని పరిధిలోనివే. అదే ఏడాది గణిత రచయిత ఇయాన్ స్టీవర్ట్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఈ విషయాన్ని సామాన్య పాఠకులకు వివరించారు. రైళ్లకూ కంప్యూటర్లకూ ఉన్న ఈ చుట్టరికం ఒక్క వ్యాసంతో పుట్టింది కూడా కాదు. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన బొమ్మ రైళ్ల క్లబ్బులో, బల్లల కింద టెలిఫోన్ రిలేలతో పాయింట్లను నడిపే ఏర్పాట్లు చేసిన కుర్రవాళ్లలో కొందరు తర్వాత తొలితరం ప్రోగ్రామర్లయ్యారు. 1962లో వచ్చిన స్పేస్‌వార్ అనే తొలినాటి కంప్యూటర్ ఆటను రాసిన స్టీవ్ రస్సెల్ ఆ క్లబ్బు సభ్యుడే.

ఇప్పుడు ఆటలో అసలు ప్రశ్నకు వద్దాం: పరిష్కారం కనుక్కోవడం ఎంత కష్టం? పాయింట్లను, కూడళ్లను పక్కన పెట్టి, ఒక్కో గడి ఖాళీగా ఉండవచ్చు లేదా ఒక్క పట్టా ముక్క ఉండవచ్చు అనుకుందాం. ముక్కలు ఆరు రకాలు: రెండు తిన్నవి, నాలుగు వంపులు. అంటే గడికి ఏడు అవకాశాలు. 49 గడులకు ఏడును 49 సార్లు గుణించాలి. వచ్చే సంఖ్యలో 42 అంకెలుంటాయి. సెకనుకు వంద కోట్ల అమరికలను పరీక్షించే కంప్యూటర్ పెట్టినా, అన్నీ చూడటానికి పట్టే కాలం విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్లకు దాదాపు ఆరు కోట్ల కోట్ల రెట్లు. అన్నిటినీ వరసపెట్టి చూడటం కుదిరే పని కాదని స్పష్టమే. తెలివైన దగ్గరిదారి ఏదైనా ఉందా? మాతియో అల్మాంజా, స్టెఫానో లెయుచ్చి, అలెస్సాండ్రో పాంకొనేసి అనే ముగ్గురు ఇటాలియన్ పరిశోధకులు 2016లో దీనికి సమాధానం ఇచ్చారు. ఎంత పెద్ద పలక మీదనైనా ఆడుకోగలిగేలా ట్రైన్‌యార్డ్‌ను విస్తరిస్తే, ఒక లెవెల్‌కు పరిష్కారం ఉందో లేదో తేల్చడం ఎన్‌పీ-హార్డ్ సమస్య అని వాళ్లు నిరూపించారు. అంటే, దానికి అన్ని సందర్భాల్లోనూ పనిచేసే వేగవంతమైన పద్ధతి ఎవరికైనా దొరికితే, అదే పద్ధతితో వేలకొద్దీ ఇతర జటిల సమస్యలు కూడా వేగంగా తేలిపోతాయి. అలాంటి పద్ధతి ఇంతవరకూ దొరకలేదు. అది ఉందో లేదో తేల్చినవారికి అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000వ సంవత్సరంలో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ బహుమతి ఇంకా ఎవరికీ అందలేదు.

ఇక్కడ సుడోకుతో పోల్చి చూస్తే రైలు ఆట ప్రత్యేకత తెలుస్తుంది. పెద్ద పలకల మీద సుడోకు పరిష్కరించడం కూడా ఇలాంటి కష్టమైన సమస్యే. కానీ ఎవరో పూర్తిచేసి ఇచ్చిన సుడోకు సరైనదో కాదో చూడటం సులువు. తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, తొమ్మిది పెట్టెలు చూసుకుంటే చాలు, రెండు నిమిషాల పని. కనుక్కోవడం కష్టం, సరిచూడటం తేలిక. ఎన్‌పీ అని పిలిచే సమస్యలన్నిటి లక్షణం ఈ సరిచూడటంలోని తేలికే. రైలు ఆటలోనూ ఇంతే అనుకుంటాం. పట్టాలు ఎవరో వేసి ఇచ్చారు, రైళ్లన్నీ చేరతాయో లేదో చూడటమే మన పని, అందులో కష్టమేముంటుంది? అదే ముగ్గురు పరిశోధకులు 2018లో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నారు. వేసిన పట్టాలు సరైనవో కాదో తనిఖీ చెయ్యడమే పీ-స్పేస్ కంప్లీట్ సమస్య అని తేల్చారు. ఆ తరగతి సమస్యలకు కంప్యూటర్ జ్ఞాపకశక్తి ఒక మోస్తరుగా ఉంటే చాలు, కాలం మాత్రం ఊహకందనంత పట్టవచ్చు. అవి ఎన్‌పీ సమస్యల కంటే కఠినమైనవని శాస్త్రజ్ఞుల గట్టి నమ్మకం. పరిష్కారం చేతిలో ఉండి కూడా అది పరిష్కారమేనని గుర్తించలేని స్థితి ఈ ఆటలో సాధ్యమేనన్నమాట.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, మీట నొక్కి చూస్తే తెలిసిపోదా అన్నది. తెలుస్తుంది, రైళ్లు ఆగేదాకా చూస్తూ కూర్చునే ఓపిక ఉంటే. 40 పాయింట్ల వరుసను నడిపి చూడాలంటే 35 వేల ఏళ్లు పడుతుందని లెక్క చూశాం. అయితే ఆ లెక్కను బండి నడపకుండానే వేశాం కదా, అలాంటి లెక్కతోనే ఏ అమరికనైనా తేల్చవచ్చు కదా అని ఇంకొకరు అడగవచ్చు. ఇది మంచి ప్రశ్న. మనం వెయ్యగలిగింది ఆ వరుసను ఒక పద్ధతి ప్రకారం మనమే కట్టుకున్నాం కాబట్టి. ఎవరో ఏ పద్ధతీ చెప్పకుండా అల్లిన పట్టాలు మన ముందు పెడితే, అన్నిటికీ పనికొచ్చే దగ్గరిదారి లేదనడానికి చాలా బలమైన కారణం ఉందని 2018 నాటి ఫలితం చెబుతోంది. చివరకు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి నడిపి చూడటం తప్ప మార్గం లేని యంత్రాలు ఉండవచ్చని బొమ్మ పట్టాలే చూపిస్తున్నాయి.

మరి పిల్లలు ఈ లెవెళ్లను పది నిమిషాల్లో ఎలా పరిష్కరిస్తున్నారు? ఈ అభ్యంతరానికి రెండు జవాబులున్నాయి. మొదటిది, కఠినత్వం గురించిన సిద్ధాంతాలు అతి కష్టమైన సందర్భాలకు, పలక పెరుగుతూ పోయే తీరుకు సంబంధించినవి. ఆట తయారుచేసినవారు పరిష్కారం ఉన్న లెవెళ్లనే ఎంచి, తేలిక నుంచి కష్టానికి వరసగా పేర్చి ఇస్తారు; పలక 49 గడులకు మించదు. రెండో జవాబు ఇంకా ముఖ్యమైనది. మనుషులు అవకాశాలన్నీ వెతకరు, వెతకనక్కర్లేని వాటిని ముందే తోసేస్తారు. ఉదాహరణకు, ఒకేసారి బయలుదేరిన ఎర్ర రైలు, పసుపు రైలు ఒకే గడికి ఒకే క్షణంలో చేరాలనుకోండి. పలకను చదరంగం బల్లలా నలుపు తెలుపు గడులుగా ఊహించండి. రైలు గడి నుంచి పక్క గడికి వెళ్లిన ప్రతిసారీ నలుపు నుంచి తెలుపుకో, తెలుపు నుంచి నలుపుకో మారుతుంది. కాబట్టి ఒక స్టేషన్ నల్లగడిలో, రెండోది తెల్లగడిలో ఉంటే, ఆ రెండు రైళ్లు ఏ క్షణంలో చూసినా వేర్వేరు రంగుల గడుల్లోనే ఉంటాయి. ఎన్ని వంపులు తిప్పినా ఒకే గడిలో కలవవు. ఈ నాలుగు వాక్యాల తర్కంతో కోటానుకోట్ల అమరికలు ఒక్కసారిగా కొట్టుకుపోయాయి. గణితశాస్త్రంలో రుజువు చేసే పని సరిగ్గా ఇదే. మంచి ఆటగాళ్లు పేరు తెలియకుండానే ఇలాంటి తర్కాలను వాడుతుంటారు.

ఇదంతా ఆటకే పరిమితమని, అసలు రైళ్లకు దీనితో పని లేదని అనుకుంటే పొరపాటు. అసలు రైల్వే ఇంజనీర్లు, పాయింటు ఎటు తిరిగి ఉందో ముందుగా చెప్పలేకపోవడంలోని ప్రమాదాన్ని నూటయాభై ఏళ్ల కిందటే గుర్తించి, ఆటకు సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచారు. అసలు పాయింటు బండి దాటగానే తనంతట తాను మారిపోదు. ఆజ్ఞ వస్తేనే కదులుతుంది, కదిలాక తాళం పడుతుంది, సరైన వైపు బిగిసిందని రుజువు అందాకే సిగ్నల్ పచ్చబడుతుంది. పాయింటునూ సిగ్నల్‌నూ ఇలా ఒకదానికొకటి ముడిపెట్టే పద్ధతిని ఇంటర్‌లాకింగ్ అంటారు. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో పొందిన పేటెంటు దాని తొలి మెట్లలో ఒకటి. మన దేశంలో ఈ విద్యలో రైల్వే ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. ఇంటర్‌లాకింగ్ మూలసూత్రం చాలా లోతైనది: యంత్రం ఏం చేస్తుందో ముందుగా చెప్పడం కష్టమైనప్పుడు, చెప్పడం తేలికయ్యేలా యంత్రాన్నే కట్టుకోవాలి. ఆ కట్టుబాటు ఒక్కచోట తెగితే ఏమవుతుందో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర దేశమంతా చూసింది. షాలిమార్ నుంచి ఆంధ్ర తీరం మీదుగా చెన్నైకి వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చ చూపింది, పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉంది. లూప్ లైనులో ఆగి ఉన్న గూడ్స్ బండిని అది ఢీకొంది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో అంతకుముందు చేసిన మార్పుల్లోని లోపాలు, లెవెల్ క్రాసింగ్ గేటు అడ్డుకర్రను మార్చే పనిలో జరిగిన లోపాలు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. తీగలు ఒకచోట కలపడం ఒక పని, ఆ కలిపిన తీరు అన్ని పరిస్థితుల్లోనూ సరైనదేనని తనిఖీ చెయ్యడం ఇంకో పని. రెండోది మొదటిదానికంటే తక్కువ కష్టమని ఎప్పుడూ అనుకోకూడదు.

చివరి అభ్యంతరం తల్లిదండ్రులది, అది న్యాయమైనది కూడా: ఇలాంటి ఆటలు ఆడితే తెలివి పెరుగుతుందా? పెరుగుతుందని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు. బ్రిటన్‌లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం 11,430 మందితో ఆరు వారాల పాటు కంప్యూటర్ మీద మెదడు వ్యాయామాలు చేయించి, ఫలితాలను 2010లో నేచర్ పత్రికలో ప్రచురించింది. అభ్యాసం చేసిన ప్రతి పనిలోనూ మెరుగుదల కనిపించింది. ఆ నేర్పు ఇతర పరీక్షల్లోకి మాత్రం రాలేదు, బాగా పోలిక ఉన్న పరీక్షల్లోకి కూడా రాలేదు. మెదడుకు పదునుపెడతామంటూ ఆధారం లేని ప్రచారం చేసినందుకు ల్యుమాసిటీ ఆటల సంస్థ 2016లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కాబట్టి రైలు ఆటను చదువుకు బదులుగానో, మెదడుకు టానిక్కుగానో చూడటం సరికాదు. గంటల తరబడి తెరకు అతుక్కుపోవడాన్ని ఈ అధ్యాయం ఏ విధంగానూ సమర్థించదు.

అయితే తెలివి పెరగకపోవడం ఒకటి, తెలుసుకోదగినది ఏమీ లేకపోవడం ఇంకొకటి. జ్ఞాపకం ఉన్న యంత్రం ఎలా ప్రవర్తిస్తుందన్నది ఈ కాలపు పౌరులందరికీ అవసరమైన జ్ఞానం. బ్యాంకు లావాదేవీలు, ఆసుపత్రి పరికరాలు, రైల్వే సిగ్నళ్లు, ఓట్ల యంత్రాలు అన్నీ అలాంటి యంత్రాలే. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాం, పనిచేసింది అని ఎవరైనా అన్నప్పుడు, ఎన్ని పరిస్థితుల్లో పరీక్షించారు అని అడగడం నేర్చుకోవాలి. పాయింట్లు పెరిగేకొద్దీ పరిస్థితులు రెట్టింపవుతాయని ఒక్కసారి చేత్తో చేసి చూసినవారికి ఆ ప్రశ్న సహజంగా తడుతుంది. అందుకే ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లల చేతిలో రైలు ఆట కనిపించినప్పుడు గెలిచావా అని అడగకండి. మీట నొక్కకముందే ఏ రైలు ఎక్కడికి చేరుతుందో కాగితం మీద రాయమనండి, ఎందుకో చెప్పమనండి, ఆ తర్వాతే నొక్కనివ్వండి. ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు. నేల మీద సుద్దముక్కతో మూడు పాయింట్లు గీసి, ఒక అగ్గిపెట్టెను ఇంజనుగా నడిపిస్తే చాలు. ఎనిమిదోసారికి అది మూడింటినీ దాటుతుందని పిల్లలు ముందే చెప్పగలిగితే, కంప్యూటర్ అంటే ఏమిటో వాళ్లకు సగం తెలిసినట్టే.